మీటకో పని

విసాల్ ఒక చేత్తో బఠానీలు వలుస్తూ, రెండో చేత్తో కంప్యూటర్లో పాట సవరిస్తోంది. చంటివాడు ఒళ్లోంచి దిగని రోజుల్లో పట్టుబడిన విద్య అది. మౌసు ముట్టదు, అన్నీ కీబోర్డు మీటలే. ఒక మీట నొక్కితే డప్పు ట్రాకు నోరు మూస్తుంది, ఇంకోటి నొక్కితే గాయని గొంతొక్కటే వినిపిస్తుంది, రెండు కలిపి నొక్కితే కోరస్ ట్రాకులన్నీ ఒక్క కట్టగా చేతికొస్తాయి. ట్యునీషియాలోని ఈ స్ఫాక్స్ ఊళ్లో పెళ్లిపాటల రికార్డింగంటే అందరూ ఆమె భర్త ముంధర్ పేరే చెబుతారు. అతను వెనకగదిలో మైకు పెడతాడు. మిగతాదంతా ఈ వంటింటి బల్లమీదే.

ఆ ఉదయం గాయని సాల్హా గొంతును విడిగా వింటోంది. పాట అయ్యాక మైకు ఆపడం మరిచినట్టున్నారు.

"ఇంత శుభ్రంగా ఎవరు సవరిస్తారయ్యా?" సాల్హా అడుగుతోంది.

"ఇంకెవరు, నేనే. మా ఆవిడ టైపు చేస్తుందంతే."

చెరిపేసే మీటమీద విసాల్ వేలు ఆగింది. పెళ్లయినప్పటినుంచీ ఇలాంటివి ఎన్ని చెరిపేసుకుందో! 'ఇంట్లో కూర్చుని చేసేదీ ఒక పనేనా' అన్న అత్తగారి మాట, 'పాపం, సరదా పడుతోంది' అన్న ఆడపడుచు మాట. ఈసారి ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది.

మధ్యాహ్నం చేపల కుస్‌కుస్ పళ్లెం చుట్టూ అందరూ కూర్చున్నాక, సాల్హా ఎదుటే, ఆ ముక్కను స్పీకర్లలో వినిపించింది. ముంధర్ చెంచా గాల్లోనే ఉండిపోయింది. ముందు సాల్హా పకపకా నవ్వింది, తర్వాత, ఎవరూ అనుకోనిది, అత్తగారూ నవ్వారు.

"ఇవాళ ఆ టైపేదో నువ్వే చెయ్యి," అని విసాల్ పిల్లాణ్ణి తీసుకుని సముద్రానికి వెళ్లిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి ముంధర్ మౌసు పట్టుకుని ఇంకా మొదటి పాట దగ్గరే ఉన్నాడు.

"కోరస్ అంతా ఒకేసారి పట్టుకునే మీటేదో చెప్పవే తల్లీ!"

"మీటకో పని. దీనికి అంట్లు."

తోమాడు. తోమి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మరి నోరు మూయించే మీట?"

"అది ముందు నాకు నేర్పవే అమ్మాయ్," అన్నారు అత్తగారు. "మీ మావయ్యకి కావాలి."

నవ్వులు సద్దుమణిగాక, పాట సవరించినవారు అన్నచోట విసాల్ తన పేరు కొట్టింది. ముంధర్ వంగి చూశాడు.

"మరి నాది?"

"నేర్చుకో, రాస్తాను," అంది, కుర్చీ జరిపి అతనికి చోటిస్తూ.