లెక్కలోకి రాని గది

ఇళ్ళకు విలువ కట్టడం నా ఉద్యోగం. బ్యాంకువాళ్ళు పంపితే వెళ్తాను, టేపు పట్టి గదులు కొలుస్తాను, వేలి కణుపులతో గోడ తట్టి లోపల చెమ్మ ఉందో లేదో చెప్తాను. ఫోన్లో ఏదో వెబ్‌సైటులో ఇంటి ధర చూసుకుని వాదనకు దిగేవాళ్ళకు నేను చెప్పే మాట ఒక్కటే: "ఆ సైటు మీ వీధిని చూసింది సార్, మీ ఇంట్లోకి రాలేదు."

ఆ మాట మా అక్కకు మాత్రం చెప్పలేదు.

అమ్మానాన్నల నుంచి వచ్చిన మా ఇంట్లో అక్కకూ నాకూ చెరిసగం. నేను పెళ్ళాంపిల్లలతో అందులోనే ఉంటున్నాను కాబట్టి అక్క వాటా నేనే కొనుక్కోవాలని అనుకున్నాం. ఒక ఆదివారం అక్క వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ఫోన్లో మా చిరునామా కొట్టింది. చిటికెలో అంకె వచ్చేసింది.

"ఇంతటరా. రోజూ చేసే పనే కదా నీకు, సరిగ్గానే ఉందా?"

చూశాను. చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడైన ఇళ్ళను బట్టి చెప్పిన ధర, మరీ తీసిపారేసేది కాదు. కానీ దాని కిందే "రెండు పడకగదులు" అని ఉంది. మా ఇంట్లో మూడు. మేడమీది గది పాత రికార్డుల్లోకి ఎక్కలేదు, సైటుకు ఎలా తెలుస్తుంది? నాకు తెలుసు. ఇటుకలు అందించింది నేనే. నేను చదువుకోవడానికి చోటు లేదని అక్క భర్త, మా బావ, ఆరు నెలల ఆదివారాలు ధారపోసి తన చేత్తో కట్టిన గది అది. బావ తాపీమేస్త్రీ. ఇప్పుడు లేడు.

"ఇంచుమించు అంతే అక్కా," అన్నాను. గొంతు కూడా తడబడలేదు, సిగ్గులేని గొంతు.

సంతకాల రోజు కూడా ఆ గది మాట ఎత్తలేదు. అక్క పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు దిగుతుంటే ఇక ఉండబట్టలేకపోయాను.

"అక్కా, ఆ సైటు మేడగదిని లెక్కలోకి తీసుకోలేదు. నాకు ఆ రోజే తెలుసు."

"నాకూ తెలుసురా. ఇంటికెళ్ళి మళ్ళీ చూశాను. వివరాలు సరిచేయమని ఉంటే మూడు గదులని కొట్టా. అంకె బాగానే పెరిగింది."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగానుగా, సరిగ్గానే ఉందా అని."

కాగితాలు మళ్ళీ రాయిద్దాం, నీకు రావలసింది ఇచ్చేస్తానని గొణిగాను.

"వద్దులే. మీ బావ నీకోసం కట్టిన గదికి నేను వెల అడుగుతానా? నువ్వే చెప్తావని ఇవాళ్టిదాకా చూశాను, అంతే." బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి తిన్నగా మేడెక్కాను. అలవాటుకొద్దీ నాలుగు గోడలూ తట్టి చూశాను. ఇన్నేళ్ళయినా బావ కట్టిన గోడలో ఎక్కడా చెమ్మ లేదు.