చందనం పూసిన బ్యాటరీ

తిమ్మరాయన్ కొట్టిన మొదటి దెబ్బకు కారణం అడిగాను. రెండో దెబ్బకు అడిగే తీరిక లేకపోయింది.

ఆయుధ పూజ మరునాడు పొద్దున, తమిళనాడు ధర్మపురిలో నా బ్యాటరీ అంగడి షట్టరు ఎత్తగానే వచ్చాడు. తొప్పూరు ఘాట్‌లో హైవే పక్కన టిఫిన్ వ్యాన్ నడుపుతాడు. వ్యాన్ లైట్లకు, ఫ్రిజ్‌కు వేరుగా ఒక బ్యాటరీ ఐదు నెలల కిందట నేనే అమ్మాను. దాన్ని బల్లమీద ధడాలున పెట్టి నా చెంప పగలగొట్టాడు.

"చచ్చిన సరుకు అంటగట్టినావు శెట్టీ. నిన్న ఏడుకే లైట్లు ఆరిపోయినాయి. ఈ సాయంత్రం వెలగకపోతే నా చోట్లో ఆ గోకుల్ తన టిఫిన్ వ్యాన్ నిలుపుతాడు. అన్నీ సర్దుకొని కాచుకొని ఉన్నాడు వాడు."

నోట్లో రక్తం ఉమ్మి మీటరు పెట్టాను. పది పాయింట్ నాలుగు వోల్టులు.

"చార్జి ఎప్పుడు పెడతావన్నా?"

"లైట్లు ఆరిపోతే పెడతా. వెలిగేదానికి పెడతారా ఎవరైనా?"

"సగం వాడినాకనే పెట్టాల. వాడేది ఆపి, నాలుగు గంటలు ఆగి మీటరు పెడితే పన్నెండు పాయింట్ రెండు ఉంటే సగం అయినట్టు. ఆ పూటే పెట్టాల, తక్కువ కరెంటుతో, పది పన్నెండు గంటలు. నువ్వు దీన్ని ఐదు నెలలుగా చంపుతానే ఉన్నావు."

వెనక గదిలోంచి నా భార్య కమలవేణి తొంగి చూసింది. "కొట్టేది అయిపోయిందా అన్నా? కాఫీ కలపనా?"

సాయంత్రానికి వేరే బ్యాటరీ తీసుకుపొమ్మన్నాను. ఒప్పుకోలేదు. నిన్న దీనికే పూజ చేసి నిమ్మకాయ కోశాడట, పూజ అందుకున్నదాన్ని మర్నాడే మారిస్తే వ్యాన్‌కు అరిష్టమట. బ్యాటరీని తానే ఎత్తుకుని చార్జింగ్ గదిలోకి పోయాడు. చార్జరు కొక్కేలు తగిలించి, దాని నాబ్‌ను అన్నిటికంటే ఎక్కువ కరెంటుకు, ముప్పై ఆంపియర్లకు తిప్పాడు. జాకీ రాడ్ పట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

గంట గడిచింది. పాడైన సీసం పలకలు కరెంటు పట్టవు, లోపలి నీళ్ళు ఉడుకుతాయి. కుళ్ళిన గుడ్డు వాసన మొదలైంది. అతని భుజం మీదుగా చూస్తే అప్పుడు కనిపించింది. ఆరు మూతలకూ మందంగా చందనం, దానిమీద కుంకుమ. లోపల పుట్టే గాలి నిప్పు తగిలితే అంటుకుంటుంది; అది పోవడానికి మూతల్లో ఉండే సన్న బెజ్జాలు ఎండిన చందనంతో పూడిపోయాయి. పక్క గోడలు ఉబ్బి ఉన్నాయి. కొక్కెం తగిలించిన చోట చీలికలోంచి గాలి బుసలు కొడుతోంది.

"లెయ్యి. స్విచ్ ఆపాల. పేలుతుంది."

"నన్ను బయటికి పంపే ఎత్తు."

స్విచ్‌కేసి చెయ్యి చాచాను. రాడ్‌తో కొట్టాడు. కుడి ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. మోకాళ్ళ మీద పడ్డాను. కడుపులో తన్నాడు.

"నీ కరెంటూ వద్దు, నీ నీతులూ వద్దు." చార్జరు నడుస్తుండగానే ఎర్ర కొక్కెం పీకడానికి వంగాడు. ముఖం సరిగ్గా మూతల మీద ఉంది.

కొక్కెం ఊడితే నిప్పురవ్వ. మాటలతో ఆపే లెక్క అప్పటికే తప్పింది. ఎడమచేత్తో ఇనుప స్టూలు ఎత్తి అతని దవడ మీద కొట్టాను. ఆగలేదు. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టాను. పళ్ళు నేలమీద పడ్డాయి, వాటి వెనకే మనిషి. పడుతూ కొక్కెం తీగను లాగాడు.

బాంబు వేసినట్టయింది. మూతలు పైకప్పు రేకును చీల్చుకుపోయాయి. యాసిడ్ గోడలమీద, నా మెడమీద, అతని తలమీద పడింది. అతను అరుస్తూ నన్నే పట్టుకుని గొంతు నులిమాడు. యాసిడ్‌కు విరుగుడుగా ఎప్పుడూ ఉంచే సోడా ఉప్పు నీళ్ళ బకెట్ తెచ్చి కమలవేణి ఇద్దరిమీదా కుమ్మరించింది. అయినా వదలకపోతే ఖాళీ బకెట్‌తో అతని వేళ్ళమీద కొట్టి విడిపించింది. తర్వాత తల కొళాయి కిందికి ఈడ్చి, కళ్ళు చేత్తో తెరిచి కడిగింది.

ఆస్పత్రిలో పక్కపక్క మంచాలు వేశారు. అతనికి జుట్టు పోయింది, ఒక చెవి కాలింది. కళ్ళు బాగానే ఉన్నాయని డాక్టరు అన్నాడు.

"పళ్ళు రాలగొట్టినావు కదరా శెట్టీ."

"అట్లే వంగి ఉంటే కళ్ళు పోయేవి. మూడు పళ్ళకు రెండు కళ్ళు. నా చెయ్యి లెక్కలో వెయ్యలేదు."

అతను ఆలోచించాడు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. అంతలో అతని భార్య నంజమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది.

"మన చోట్లో గోకుల్ వ్యాన్ నిలిపినాడంట. లైట్లు కూడా వేసినాడంట."

తిమ్మరాయన్ మంచం మీద లేచి కూర్చుని, నా విరిగిన చేతిమీద తన్నాడు.