కనకవల్లి టీచరు చెప్పిన అబద్ధం

అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక కుట్ల దగ్గర చీము పట్టడంతో కనకవల్లి టీచర్ని రాజమండ్రి ఆసుపత్రిలోనే ఉంచేశారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్లు కొవ్వూరు చుట్టుపక్కల బళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. చేర్పించిన రోజున సంతకం పెట్టిన పిన్నికొడుకు మణిశంకర్ మళ్లీ కనిపించలేదు. "పేషెంటు తాలూకు ఎవరండి?" అని ఎవరడిగినా, "నేనేనండి" అంటూ మంచం మీంచి తనే చెయ్యెత్తేది.

రోజూ కట్టు మార్చే నర్సు శ్రీదుర్గది జంగారెడ్డిగూడెం. ఐర్లాండులో ఉద్యోగం కోసం ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. మూడోరోజున ఆమె జేబులోని చిన్న పుస్తకం మంచం మీదికి జారితే టీచరు తెరిచి చూసింది. 'బీ పేషెంట్' అన్నదానికి ఎదురుగా 'రోగిగా ఉండు' అని రాసి ఉంది.

కుట్లు లాగుతున్నా టీచరుకు నవ్వు ఆగలేదు.

"నవ్వకండి టీచర్ గారూ! మాకు పేషెంటంటే రోగేనండి."

"ఇక్కడ ఓపిక పట్టమని అర్థం, దుర్గా. పక్కన ఏ మాటలున్నాయో చూసి అర్థం పట్టుకోవాలి."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం డ్యూటీ దిగాక శ్రీదుర్గ స్టూలు లాక్కుని అరగంట కూర్చునేది. అటెండ్ అంటే హాజరవడం, కనిపెట్టి చూసుకోవడం కూడా. అడ్మిట్ అంటే చేర్చుకోవడమే కాదు, ఒప్పుకోవడం కూడా. టీచరు ఒక్కో మాటకు రెండేసి వాక్యాలు రాయించి దిద్దేది. మధ్యాహ్నం రెండు గంటలు దాటిందంటే టీచరు జడ వేసుకుని, దుప్పటి సర్దుకుని, తలుపు వైపే చూసేది.

తొమ్మిదో రోజు డాక్టరుగారు అడిగారు. "డిశ్చార్జ్ ఉందా అమ్మా?"

ఆయన అడిగింది చీము సంగతి. లేదంటే ఇంటికి పంపే డిశ్చార్జ్ రాసేస్తారని టీచరుకు తెలుసు.

"ఉందండి. రాత్రంతా కారింది."

"ఓసారి విప్పి చూసి చెప్పమ్మా" అని శ్రీదుర్గకు పురమాయించి ఆయన పక్క మంచానికి వెళ్లారు.

శ్రీదుర్గ కట్టు విప్పింది. గుడ్డ తెల్లగా ఉంది.

"పొడిగా ఉంది కదండీ?"

టీచరు మొహం గోడవైపు తిప్పుకుంది. "ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లెవరూ లేరు దుర్గా" అంది. అలాంటి మాట ఆమె ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు.

"నేను ఉన్నది ఉన్నట్టు రాయాలండి" అంది శ్రీదుర్గ, గొంతు తగ్గించి. కొత్త కట్టు మాత్రం ఎప్పటికన్నా నెమ్మదిగా వేసింది.

మర్నాడు శ్రీదుర్గకు వేరే వార్డు పడింది. టీచరు సంచి పట్టుకుని ఒక్కతే ఆటో ఎక్కి, వంతెన దాటి ఇంటికి చేరింది. తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. ఇంత అన్నం వండుకుని రెండు ముద్దలు తిని లేచింది.

ఇంటికొచ్చిన నాలుగో రోజున ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. శ్రీదుర్గ పుస్తకంలో పేజీ, పది వాక్యాలు. 'తీరికున్నప్పుడు దిద్దండి టీచర్ గారూ. ఆదివారం వీలైతే వస్తాను.' టీచరు కళ్లజోడు పెట్టుకుంది. రెండే తప్పులు. పది నిమిషాల్లో పని అయిపోయింది.

ఆదివారం చీకటి పడేదాకా వరండాలో కూర్చుంది. డ్యూటీ మార్చారని శ్రీదుర్గ మెసేజి పెట్టింది. "ఫర్వాలేదమ్మా" అని జవాబిచ్చి, టీచరు లోపలికి వెళ్లి లైటు వేసుకుంది.