సీటు వెనక పట్టా

నేను ఒక లారీ పట్టాను. బెజవాడలో మందపాటి నూలుగుడ్డకు మైనం పట్టించి, అంచులకు ఇత్తడి రింగులు కొట్టి నన్ను తయారుచేశారు. వాన ఆపడమే నా పని అని పుట్టగానే తేల్చేశారు. మనుషుల్లో ఇంత అదృష్టవంతులు తక్కువ.

నన్ను కొన్నది మాచర్ల మీరావలి. చాలా ఏళ్ళు ఎవరెవరి లారీలనో నడిపి, చివరికి పాతదే అయినా సొంత లారీ కొనుక్కున్నాడు. గుంటూరుకి మిరపకాయలు, తిరుగుదారిలో ఎరువులు. సొంతబండి కదా, హారన్ కూడా పొదుపుగా కొట్టేవాడు. ఇక నన్ను బయటికి తీస్తాడా? పాత దుప్పటి చుట్టి సీటు వెనక దాచాడు. బస్తాల మీదికి మాత్రం పాత యజమాని వదిలేసిన చిల్లుల పట్టా. ఎండ కాస్తే "కొత్తది రంగు పోద్ది" అనేవాడు. మబ్బు పడితే "బురదవుద్ది" అనేవాడు. బీరువాలో పెళ్ళిచీరలా నేను ముక్కిపోతుండేదాన్ని.

ఒక వేసవి మొదట్లో గుంటూరు వ్యాపారి ఒకాయన మీరావలికి తొలిసారి లోడు ఇచ్చాడు. "తడి తగిలిందా, కాయ పనికిరాదు. పొడిగా దించావంటే ఈ సీజనంతా నీకే" అని ఫోనులో చెప్పాడు. గుంటూరులో ఉన్న తన చెల్లెల్ని చూడటానికి మీరావలి భార్య ఖాసింబీ కూడా కేబిన్‌లో ఎక్కింది.

సత్తెనపల్లి దాటేసరికి ఆకాశం అట్లపెనంలా నల్లబడింది. మీరావలి లారీ పక్కకి ఆపి, పాత పట్టా చిల్లుల మీద ప్లాస్టిక్ సంచులు సర్దడం మొదలుపెట్టాడు.

"కొత్తది తియ్యి" అంది ఖాసింబీ.

"ఈ గాలికి చిరిగిద్ది."

"పట్టా తడిసిద్దని కాయలు తడుపుతావా? గొడుగు పాడవుద్దని చంకలో పెట్టుకుని తడిసొచ్చే మీ బాబాయి పోలికేనయ్యా నీది!"

"మా బాబాయిని అనమాక."

"అననులే. ఇదిగో, అందుకో."

దుప్పటి విప్పారో లేదో, గాలికి నేను తెరచాపనయ్యాను. బస్తాల మీద మీరావలి, కింద ఖాసింబీ, మధ్యలో నేను. వెనకొస్తున్న ఇసుక లారీ ఆగింది. లారీవాళ్ళకి అదొక ఆచారం: రోడ్డు పక్కన పట్టా ఎగురుతుంటే పిలవక్కర్లేదు, దిగొచ్చి ఒక మోకు పట్టుకుంటారు.

"ఇంత మంచి పట్టాని ఎక్కడ దాచావు బావా, అత్తారింట్లోనా?" అని నవ్వుతూ ఆ డ్రైవరు మోకు బిగించాడు. నా మూల ఇనుప కొక్కేనికి తగిలి పర్రున చిరిగింది. మీరావలి మొహం చూడాలి, చిరిగింది తన చర్మమే అన్నట్టు!

"అంచేగా చిరిగింది, బస్తా కాదుగా. పద" అని ఖాసింబీ చిరుగును మడతలోకి తోసి మోకు కింద నొక్కింది. వాన కుండపోతగా దిగింది. జీవితంలో మొదటిసారి నా పని నేను చేశాను.

మిర్చి యార్డులో వ్యాపారి బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాడు. లోపల గింజలు గలగలమన్నాయి. "రేపు మాచర్లలోనే ఉంటావా? ఇంకో లోడుంది" అన్నాడు.

చెల్లెలింట్లో ఖాసింబీ దబ్బనం అడిగి తీసుకుని నాకు అతుకు వేసింది. ఒక చిరుగు పడ్డాక నా విషయంలో మీరావలికి భయం పోయింది. ఆ తరవాత నేను చూడని ఎండ లేదు, మొయ్యని వాన లేదు. బాగా పలచబడ్డాక పిడుగురాళ్ళ మెకానిక్ ఒకడు నన్ను అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు లారీల కింద పరుపునై పడి ఉంటున్నాను. షెడ్డులోవాళ్ళు నా మీద వెల్లకిలా పడుకుని బోల్టులు తిప్పుతూ, మధ్యలో కునుకు తీస్తారు. నేనూ తీస్తాను. సీటు వెనక అంత మెత్తటి దుప్పట్లో ఉన్నన్నాళ్ళూ నాకు ఒక్కనాడూ నిద్ర పట్టలేదు.