మున్నీ చెంప

లీలమ్మ కూతుర్ని మోకాళ్ల నడుమ కూర్చోబెట్టుకొని జడ వేస్తోంది. ఆముదం రాసిన వెంట్రుకల్ని బిగించి లాగినప్పుడల్లా అరుణకుమారి తల వెనక్కి వాలుతోంది.

"నిన్న బళ్లో అయివారు ఏమడిగినాడు?"

"మన ఆంధ్రరాష్ట్రానికి రాజధాని ఏదని."

"ఏది?"

"కర్నూలు."

"ఇంగేమడిగినాడు?"

"పదమూడెనిమిదులు ఎంతని. నూటనాలుగు."

"ఇన్ని తెలిసి బళ్లో నోరెందుకు పెగల్లేదే నీకు?"



నాపబండల గనిలో పని ముగించుకొని వస్తున్న అరుణ తండ్రి కృపావరాన్ని నిన్న అయివారు దారిలో ఆపాడు. "నీ బిడ్డ పోయినేడు చిలకమాదిరి చెప్తాండె. ఇప్పుడు గోడమాదిరి నిలబడుకుంటాంది. జమ్మలమడుగు బోర్డింగుకు ఈ పిల్ల పేరు నేను యా మొగంతో రాసేదప్పా?" అన్నాడు. పల్లెలో బడి అయిదో తరగతితో సరి. బోర్డింగులో చోటు దొరక్కపోతే వచ్చే యేడు అరుణ కూడా తల్లి వెంట కూలికి పోవలసిందే. కృపావరం రాత్రి సంగటి ముద్ద ముందు కూర్చొని, తినకుండానే లేచాడు.

దూదేకే యూనుస్ కూతురు మున్నీ రోజూలాగే బడికి పిలవడానికి వచ్చి గడప మీద కూర్చుంది. అరుణ తరగతే. దాని జడలో ఎప్పుడూ ఒక దూదిపింజ అంటుకొనే ఉంటుంది.

"అత్తా, ఆయమ్మిని తిట్టాకు. చెప్తే నన్ను కొట్టల్ల గదా, అందుకే చెప్పదు."

లీలమ్మ చేయి ఆగింది. "ఏందే నువ్వు చెప్పేది?"

ఆ బడిలో జవాబు చెప్పినవాళ్లు, చెప్పలేనివాళ్ల ముక్కు పట్టుకొని చెంప మీద కొట్టాలి. తన చేయి నొయ్యకుండా అయివారు పెట్టుకున్న పద్ధతి అది.

"ఒకసారి మెల్లగా కొట్టింది. ఎట్ల కొట్టల్లో చూడమని అయివోరు కొట్టినాడత్తా. నన్ను గాదు, ఆయమ్మినే!" మున్నీ కిసుక్కుమంది. "నాకొచ్చేదాకా తానూ చెప్పదంట. సందకాడ శానా చెప్పిస్తాంది. తెల్లారేసరికి అంతా పోతాది నాకు."

లీలమ్మ కూతురి చెంప తడిమింది. అంతలోనే ముట్టని సంగటి ముద్ద గుర్తుకొచ్చింది. జడ ముడివేసి కూతుర్ని లేవదీసింది.

"ఈడనే కొట్టు. అలవాటైతే బళ్లో కష్టం గాదు."

"నేను కొట్టను."

"కొట్టనీలే అత్తా, నాకేం నొప్పి?" మున్నీయే ముందుకొచ్చి, తన ముక్కు తనే పట్టుకొని కళ్లు మూసుకుంది. "ఊఁ, కానీమ్మే."

అరుణ చెంప తాకి తాకనట్టు కొట్టింది.

"దోమ వాలిందత్తా!" ముక్కుతో పలికి నవ్వింది మున్నీ.

"గట్టిగా కొట్టే! ఆయప్ప తిండి మానుకున్నాడు నీకోసం. నీకు నాయన ఎక్కువా, మున్నీ ఎక్కువా?"

అరుణ తల్లిని కళ్లెర్రజేసి చూసింది. అలా తల్లినే చూస్తూ చేయి విసిరింది. ఆ చప్పుడుకు లీలమ్మే ఉలిక్కిపడింది.

మున్నీ కళ్లు తెరిచింది. అరుణ ఏదైనా అంటుందేమోనని చూసింది. అరుణ తన అరచేయి వంక చూసుకుంటూ నిలబడిపోయింది.

"అంతే, చూస్తివా... ఏం గాలేదు," అంది లీలమ్మ తడబడుతూ. "మున్నీ, రొట్టె ఉంది. తిందువు రా తల్లీ."

మున్నీ అప్పటికి గాని ముక్కు వదల్లేదు. గడప దగ్గర పెట్టిన పలక తీసుకొని, అరుణను పిలవకుండానే బయటికి నడిచింది.