ఆగ్నేయం మూలన నేను

నేను ఒక పొగ తోలే ఫ్యాన్ని. గోడకి కన్నం పెట్టి నన్ను బిగిస్తారు. లోపలి గాలిని బయటికి నెట్టడం నా కులవృత్తి. పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో అయినా, నాకు బుద్ధి తెలిసింది మాత్రం మండపేటలో ఓ పెసరట్ల హోటల్లో. ఏళ్ళ తరబడి మిరపకాయ బజ్జీల ఘాటు మింగి వీధిలోకి ఊశాను. ఆ వాసనకే జనం లోపలికొచ్చేవారు. పేరు మాత్రం వంటవాడికి.

హోటలు మూతపడ్డాక పాత సామాన్ల కొట్లో పడుంటే అబ్బులు నన్ను కొన్నాడు. ఆయన పెళ్ళాం సత్తెమ్మ, పెరట్లో ఖాళీగా ఉన్న గొడ్ల సావిడిలో మిరపనారు పెంచుతోంది. కప్పు మీద సగం రేకులు తీసి, వెలుగు దిగే ప్లాస్టిక్ రేకులు వేయించింది. వెలుగుతోపాటు ఎండా దిగింది. మేకల భయానికి తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. మిట్టమధ్యాహ్నం లోపలికెళ్తే ఇడ్లీ పాత్రలో తల పెట్టినట్టే. ఆ ఉక్కకి మొదటి విడత నారు మొదలు కుళ్ళి, ఎక్కడిదక్కడే పడుకుంది.

“ఈసారీ పోతే సావిడి కట్టెలు పేర్చుకోడానికే,” అన్నాడు అబ్బులు.

సత్తెమ్మ బెంగ అది కాదు. ఊళ్ళో నలుగురు రైతులు ఆమె మాట నమ్మి, ఇంకెక్కడా నారుకి చెప్పకుండా పొలాలు దున్నుకుని కూర్చున్నారు.

అందుకే నన్ను తెచ్చారు. తీరా బిగించే రోజున వాస్తు అడ్డొచ్చింది. అబ్బులు దిక్కు చూడకుండా తుమ్మడు కూడా. “కరెంటంటే అగ్ని. అగ్ని ఆగ్నేయంలోనే ఉండాలి,” అని నన్ను ఆ మూలకెక్కించాడు. నా పక్కనే కిటికీ. ఎదుటి మూల, వాయవ్యంలో, సావిడి కడిగిన నీళ్ళు పోయే తూము ఒకటుండేది. పాములొస్తాయని దాన్ని ఏనాడో సిమెంటుతో పూడ్చేశాడు.

ఇంకేముంది? కిటికీలోంచి గాలి రావడం, నేను దాన్నే పట్టుకుని బయటికి నెట్టడం. గుమ్మంలోకొచ్చిన చుట్టానికి మంచినీళ్ళయినా ఇవ్వకుండా సాగనంపినట్టు. అవతల నారు ఉడుకుతూనే ఉంది. నేను మాత్రం రోజంతా గుర్రున తిరుగుతూ తెగ పనిచేస్తున్నట్టు కనిపించేదాన్ని. అబ్బులుకి నేనంటే ముచ్చట. పోలిక కుదిరింది కాబోలు.

కొత్త నారులోనూ రెండు ట్రేలు వాలిపోయాయి.

“దిష్టంటావా, మావా?”

“దిష్టేనే. సాంబ్రాణి పెట్టు.”

శుక్రవారం సత్తెమ్మ నిప్పుల మీద సాంబ్రాణి చల్లి సావిడంతా తిరిగింది. కిటికీ దగ్గర పొగ పరుగెత్తుకొచ్చి నా నోట్లో పడింది. అవతలి మూలన కదల్లేదు, నారు నెత్తిన మబ్బులా కూర్చుంది. ఆమె ఇటొచ్చి చూసింది, అటెళ్ళి చూసింది. నిప్పులు కింద పెట్టి, నడుం మీద చేతులేసుకుంది.

“మావా, ఆగ్నేయం అగ్నిదేగా?”

“అనుమానమా?”

“మరి వాయవ్యం ఎవరిది?”

“వాయుదేవుడిది.”

“ఆయన గుమ్మానికి సిమెంటు కొట్టేశావే! ఇంకెక్కణ్ణించి వస్తాడు, పాపం?”

అబ్బులు తూము వైపు చూశాడు. “పాములో?” అన్నాడు నీరసంగా.

“ఇనప జాలీ బిగించు. దేవుడు దూరతాడు, పాము దూరదు.”

సాయంత్రానికి తూము తెరుచుకుంది. నా పక్క కిటికీకి గోనెపట్టా పడింది. మర్నాడు నేను తిరగ్గానే, బయటి గాలి తూములోంచి దూరి, నారు తల నిమురుకుంటూ, ఉక్కని వెంటబెట్టుకుని నా దాకా వచ్చింది. ఆ ఇంట నేను నిజంగా పనిచేసిన మొదటి రోజు అదే.

మిగిలిన నారు నిలబడింది. రైతులు ట్రేలు పట్టుకెళ్తుంటే అబ్బులు గుమ్మంలో నిలబడి, “అంతా వాస్తు మహిమ,” అని పేరుపేరునా చెప్పాడు. సత్తెమ్మ కాదనలేదు. నా వైపు చూసి నవ్వింది, అంతే.

అక్కడ పేరు వంటవాడికి పోయింది, ఇక్కడ మూలకి పోయింది. నాకేం బాధ లేదు. రెక్కలరిగి మళ్ళీ పాత సామాన్ల కొట్టుకి పోయే రోజు ఎలాగూ వస్తుంది. అక్కడ నన్ను ఏ దిక్కున పడేస్తారో మాత్రం, అబ్బులు వెంటొచ్చి మరీ చూసుకుంటాడు.