లేపాక్షి స్తంభం కింది తువ్వాలు

నేను ఒక తువ్వాలును. నూలు బట్టను, అంచున ఎర్రగీత ఉన్నదాన్ని. హిందూపురం శివార్లలో ఒక మరమగ్గం మీద పుట్టాను. నాతోపాటు పుట్టినవాటిలో కొన్ని పెళ్ళిళ్ళలో పెట్టుపోతలకు వెళ్ళాయి, కొన్ని మంగలి అంగళ్ళకు వెళ్ళాయి. నన్ను చింతపండు మార్కెట్లో బస్తాలు మోసే గంగులప్ప కొన్నాడు. తలకు చుట్టుకుని నా మీద బస్తా పెట్టుకునేవాడు. ఏడాది తిరగకుండానే నాకు చింతపండు వాసన పట్టింది.

పని లేని ఒక రోజు గంగులప్ప భార్యను తీసుకుని లేపాక్షి వచ్చాడు. అక్కడ వీరభద్రస్వామి గుడి మంటపంలో ఒక స్తంభం ఉంది. పైకప్పు నుంచి దిగుతుంది గాని నేల మీద పూర్తిగా ఆనదు. ఒక మూల మాత్రం తగిలీ తగలనట్టు ఉంటుంది. ఆ సందులో బట్ట దూర్చి అవతలి నుంచి లాగితే ఇంటికి కలిసొస్తుందని జనం నమ్మకం. గంగులప్ప నన్ను దూర్చాడు. అవతల కూర్చున్న గైడు ఓబులేసు లాగాడు.

"ఏమప్పా, ఈ గుడ్డ సందుకు కొలిచి నేసినట్టుండాదే!" అన్నాడు ఓబులేసు.

"నచ్చితే పెట్టుకో సామీ. దేవుని పనికి వస్తాదంటే నాకేం నష్టం" అన్నాడు గంగులప్ప. అతని భార్య అడ్డు చెప్పబోయి, నా వాసన గుర్తొచ్చి ఊరుకుంది.

అప్పటినుంచి నేను ఓబులేసు భుజం మీద ఉన్నాను.

ఆ గుడి గైడ్లకు ఒక కట్టుబాటు ఉంది. విదేశీయులు గేటు దాటేలోపల వాళ్ళ దేశం కనిపెట్టి, వాళ్ళ భాషలో పలకరించినవాడిదే ఆ బృందం. తప్పు దేశం పేరు చెప్తే పక్కవాడికి వదిలేయాలి. మొదట పలకరించే హక్కు మాత్రం ఒకడికే ఉంటుంది. గేటు అతనిది అంటారు. తప్పులు ఎక్కువైతే గేటు పోతుంది. పోయినవాడు బడిపిల్లల విహారయాత్రలు చూసుకోవాలి. ఒక బస్సు పిల్లలకు ఏడు పడగల నాగలింగం చూపించి, ఎక్కినవాళ్ళను దించి, తప్పిపోయినవాళ్ళను వెతికేసరికి గొంతు పోతుంది. ఆ రోజుల్లో గేటు ఓబులేసుది.

నేను బట్టను గనుక నాకు మొదట కనిపించేవి బట్టలే. మోకాలి దగ్గర జిప్పు ఉన్న ప్యాంటు, దానికి జేబుల మీద జేబులు ఉంటే జర్మనీ. ఎండలో కూడా మెడకు బట్ట చుట్టుకుంటే ఫ్రాన్సు. చేతులకు తొడుగులు, సంచిలో ఇంకో జత సాక్సులు ఉంటే జపాను. చెప్పులు విప్పమనగానే ఎందుకని అడగకుండా, తన పేరూ ఊరూ చెప్పి మన పేరు అడిగితే అమెరికా. స్తంభానికి భుజం తగిలితే స్తంభానికే సారీ చెప్పినవాడు ఇంగ్లండు. ఏనుగు బొమ్మల పైజామా మాత్రం లెక్కలోకి రాదు. దాన్ని హంపిలో అన్ని దేశాలవాళ్ళూ కొంటారు. ఇక బెంగళూరువాళ్ళు బట్టల్లో పరదేశులు. ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందని అడిగాకే స్వదేశంలోకి వస్తారు.

ఇదంతా నాకు ఓబులేసే నేర్పాడు. ఆ గురువుకే కంట్లో పొర వచ్చింది.

ఒక డెన్మార్కు జంటను స్పెయిను అన్నాడు. ఆ వారంలోనే ఒక కొరియా అమ్మాయిని జపాను భాషలో పలకరించాడు. రెండుసార్లూ బృందం ఆదెప్పకు పోయింది. ఆదెప్ప వయసులో చిన్నవాడు. వీడియోలు చూసి ఆరు భాషల్లో నమస్కారం నేర్చుకున్నాడు.

"అన్నా, ఇంక నువ్వు బడిపిల్లోల్లను చూసుకోరాదా? ఫారినోల్లను నేను చూస్తా" అన్నాడు.

"నీ ఆరు నమస్కారాలకు గేటు తెరుచుకోదురా అబ్బోడా" అన్నాడు ఓబులేసు.

ఇంటి దగ్గర భార్య హనుమక్క రోజూ ఆసుపత్రి మాట ఎత్తుతుంది. "నిన్న చట్నీ అనుకొని పసుపుముద్ద తినబోతివి. ఇంగ యాడిదాకా పోవల్లనుకున్నావు?" పొర తీయించుకుంటే నెల రోజులు వంగకూడదని డాక్టరు చెప్పాడు. స్తంభం దగ్గర ఓబులేసు పనే వంగడం. నెల రోజులు రాకపోతే గేటు ఆదెప్పది అవుతుంది. అందుకే అతను కంటి సంగతి గుడిలో ఎవరికీ చెప్పలేదు.

కాని నాకు ఒక సంగతి తెలుసు. స్తంభం కింద నన్ను దూర్చినప్పుడు ఒక కొస ఓబులేసు చేతిలో ఉంటుంది. రెండో కొస వచ్చినవాళ్ళ చేతిలో ఉంటుంది. ఎవరు ఎలా లాగుతారో నాకు తెలుస్తుంది, నా ద్వారా అతనికి తెలుస్తుంది. కళ్ళు మందగించిన కొద్దీ ఓబులేసు ఆ లాగుడు మీద ఆధారపడ్డాడు.

చివరికి ఇద్దరూ పందెం వేసుకున్నారు. మరుసటి బృందం దేశాలు ఎవరు సరిగా చెప్తే గేటు వాళ్ళది. ఓడినవాడు పిల్లల బస్సులకు వెళ్ళాలి. ఓబులేసు ఒక్క షరతు పెట్టాడు. చెప్పేది గేటు దగ్గర కాదు, స్తంభం దగ్గర. ఆదెప్ప నవ్వి ఒప్పుకున్నాడు. బట్టలు ఎక్కడైనా బట్టలే గదా అనుకున్నాడు.

మరుసటి బృందం పుట్టపర్తి ఆశ్రమం నుంచి వచ్చింది. నలుగురు. అందరివీ తెల్లబట్టలే. ఒకే అంగట్లో కొన్న లాల్చీలు, ఒకే రకం పంచెలు. ఆదెప్ప వాళ్ళను పైనుంచి కిందికి చూశాడు, కిందినుంచి పైకి చూశాడు. తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు.

ఓబులేసు మోకాళ్ళ మీద కూర్చుని నన్ను దూర్చాడు. మొదటి మనిషి నన్ను సగం దాకా లాగి ఆగాడు. వెనక్కి తోశాడు. మళ్ళీ లాగాడు. స్తంభం ఎక్కడ ఆనుతోందో వెతుకుతున్నాడు.

"కెనడా" అన్నాడు ఆదెప్ప.

"జర్మనీ" అన్నాడు ఓబులేసు.

ఆ మనిషి కింద నుంచే "యా, జర్మనీ" అన్నాడు. అతని చెంప నేలకు ఆనించి ఉంది.

రెండో ఆమె కొస పట్టుకుంది గాని లాగలేదు. ఓబులేసు వదిలేదాకా ఆగింది. వదిలాక మెల్లగా లాగి, నన్ను నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. "జపాను" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

మూడో మనిషి ఒక చేత్తో లాగాడు. రెండో చెయ్యి మాట్లాడుతోంది. ఆ చెయ్యి పైకి లేచినప్పుడల్లా నేను కింద ఊగాను. "ఇటలీ" అన్నాడు ఓబులేసు. ఆదెప్ప గ్రీసు అన్నాడు. ఆ మనిషి నన్ను వదిలేసి రెండు చేతులతోనూ ఇటలీ అని చెప్పాడు.

నాలుగో ఆమె జర్మనీ అతనితో ఫ్రెంచిలో మాట్లాడుతోంది. ఆదెప్పకు ధైర్యం వచ్చింది. "ఫ్రాన్సు. ఇంగ మాటే లేదు" అన్నాడు.

ఆమె నన్ను కొద్దిగా లాగింది. కొస పైకి లేచింది, ఆగింది, దిగింది. అంటే ఆమె నన్ను కళ్ళకద్దుకుంది. తర్వాత పూర్తిగా లాగి, రెండుసార్లు దులిపి, భుజాన వేసుకుంది. దులిపిన చప్పుడు ఓబులేసు విన్నాడు.

"యా దేశమో నాకు తెల్దమ్మా" అన్నాడు తెలుగులోనే. "ఇల్లు మాత్రం తెలుగిల్లు."

ఆమె ఓబులేసు వైపు తిరిగింది. "మేము మారిషస్ వాళ్ళము" అంది, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ. "మా ముత్తవ్వ ఇట్లే చేసేది."

ఇటలీ మనిషికి సంతోషం ఆగలేదు. ఓబులేసుతో చేతులు కలపడానికి ముందుకు వచ్చి చెయ్యి చాపాడు. ఓబులేసు ఆయన పక్కనున్న స్తంభానికి నమస్కారం పెట్టాడు. అందరూ భక్తి అనుకుని వాళ్ళూ పెట్టారు. ఆదెప్ప పెట్టలేదు. బృందం వెళ్ళాక ఓబులేసును మెట్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"అన్నా, నా చేతికి ఎన్ని వేళ్ళుండాయి?"

"ఐదు. దేవుడిచ్చినవి యాడికి పోతాయి?"

"చూపిస్తాండేటివి ఎన్ని?"

ఓబులేసు నన్ను తీసి ముఖం తుడుచుకున్నాడు. "కంటి పొర తీపిచ్చుకుంటే నెల వంగగూడదంటరా. నెల రాకుంటే గేటు నీది."

"పందెం గెలిచింది నువ్వు గదన్నా. నీ గేటును నేనేం ఇంటికి ఎత్తుకపోను. పోయి పొర తీయించుకో. ఆ గుడ్డ మాత్రం ఇచ్చిపో, నేనూ నేర్చుకుంటా."

ఆ నెల నేను ఆదెప్ప భుజం మీద గడిపాను. కుర్రాడు కళ్ళు మూసుకుని మరీ ప్రయత్నించాడు. కేరళ నుంచి వచ్చిన ఒక మాస్టారును నార్వే అన్నాడు. ఆయన భూగోళం మాస్టారు. నార్వే ఎక్కడుందో పావుగంట చెప్పి వెళ్ళాడు.

ఓబులేసు నల్లద్దాలు పెట్టుకుని తిరిగి వచ్చాడు. గేటు దగ్గర నిలబడి, తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ప్రతి గుండీ కనిపిస్తోంది. అప్పుడే ఒకడు వచ్చాడు. నెత్తిన కొప్పు, మెడలో పూసలు, వీపున సంచి, ఏనుగు బొమ్మల పైజామా. ఓబులేసు ఇజ్రాయెల్ అనుకుని చేతులు చాచి, "షాలోం!" అన్నాడు.

"షాలోం సరేన్నా. అభిషేకం టికెట్టు యాడిస్తారు? మాది ఈ పక్క మడకశిర."

ఆదెప్ప నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడ్డాడు. ఓబులేసు నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"గేటు నువ్వే పెట్టుకో అబ్బోడా. నన్ను స్తంభం దగ్గర కూచోనీ" అన్నాడు. పందెం గెలిచినవాడు గేటు ఇచ్చేయడం ఆ గుడిలో అదే మొదలు. ఇప్పుడు ఆదెప్ప గేటు దగ్గర బట్ట చూసి ఒక దేశం అనుకుంటాడు. ఓబులేసు స్తంభం దగ్గర లాగుడు చూసి ఒక దేశం అనుకుంటాడు. తప్పు చెప్పినవాడు టీ తాగిస్తాడు. బడిపిల్లల బస్సు వస్తే ఇద్దరూ కలిసి అరుస్తారు.

మొన్న ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక పిల్ల లాగిన లాగుడుకు నేను నడుమ రెండుగా చిరిగాను. నా పనికి వేరే తువ్వాలు వచ్చింది. నన్ను గుడి ఊడ్చే మనిషి పారేయబోతే ఇద్దరూ చెరొక ముక్క పట్టుకున్నారు. నాలో సగం గేటు దగ్గర ఆదెప్ప చెమట తుడుస్తోంది. మిగతా సగం స్తంభం దగ్గర ఓబులేసు అద్దాలు తుడుస్తోంది. వాళ్ళిద్దరి మధ్య గొడవ తీరింది గాని, నిన్న వచ్చిన గడ్డం మనిషి బెల్జియమా పోలండా అన్నది నా రెండు ముక్కల మధ్య ఇంకా తేలలేదు.